1990 మియాటా ఏళ్లుగా చెట్టు కిందే ఉంది: ఏ పని ముందు, ఏ పని తర్వాత?

చెట్టుకింద_మియాటా (కొలంబస్, ఒహాయో)

అందరికీ నమస్తే. 1990 మోడల్ మాజ్డా మియాటా కారు ఒకటి తీసుకున్నాను. 1.6 లీటర్ల ఇంజిను, ఐదు గేర్ల మాన్యువల్, ఎరుపు రంగు, మీటర్ మీద 1,12,000 మైళ్లు. 2017 నుంచి కదల్లేదు, మేపుల్ చెట్టు కిందే నిలబడి ఉంది. టైటిల్ కాగితం (యాజమాన్య పత్రం) నా చేతికి వచ్చింది.

ఇప్పటిదాకా కనిపించినవి:

- క్లచ్ పెడల్ నొక్కితే నేలకి అంటుకుపోతోంది, పైకి రావట్లేదు.
- ప్యాసింజర్ వైపు కార్పెట్ తడి. పిండితే నీళ్లు వస్తున్నాయి.
- కుడి వెనక చక్రానికి కాస్త ముందు, సిల్ (తలుపు కింద పొడవునా ఉండే రేకు పెట్టె) మీద అరచేయంత మేర పెయింట్ పొంగింది.
- ట్యాంకులో సగం పైగా పాత పెట్రోలు. మూత తీస్తే వార్నిష్ వాసన.
- గుడ్డ టాపు (మడిచే పైకప్పు) వెనక ప్లాస్టిక్ కిటికీ చిరిగింది. ఎరుపు వెలిసి గులాబీ రంగులోకి దిగింది.

గ్యారేజ్ ఉంది, ఫ్లోర్ జాక్, నాలుగు స్టాండ్లు, సాకెట్ సెట్ ఉన్నాయి. వెల్డింగ్ మెషిన్ లేదు. పక్కింటాయన ముందు జంప్ స్టార్ట్ (వేరే బ్యాటరీ కరెంటుతో లేపడం) ఇచ్చి ఇంజిను బతికుందో లేదో చూసుకో, ఆ తర్వాతే డబ్బు పెట్టు అంటున్నారు. అది సరైన పద్ధతేనా? మీరైతే ఏ వరసలో చేస్తారు?

---

తుప్పు_వేట (న్యూజెర్సీ)

జంప్ స్టార్ట్ మాట పక్కన పెట్టండి. ఈ కారులో ఇంజిను అంత తేలిగ్గా చావదు, చచ్చినా ఇంకోటి దొరుకుతుంది. కారు ఉంచుకోవాలా వద్దా అన్నది తేల్చేది సిల్. మీరు చెప్పిన చోటే, అంటే వెనక చక్రం ముందే, ఈ మోడల్ ఎప్పుడూ కుళ్లుతుంది. దానికీ మీ తడి కార్పెట్‌కీ మూలం ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ.

టాపు వెనక అంచున వాన నీళ్లు పట్టే కాలువ ఒకటి ఉంటుంది. ఆ నీళ్లు రెండు పక్కలా సీటు బెల్ట్ టవర్ల వెనకున్న రంధ్రాల్లోంచి గొట్టాల గుండా దిగి, వెనక చక్రాల ముందు కారు కింద బయటికి పోవాలి. మేపుల్ ఆకులు అందులో కుళ్లి బంకగా మారితే గొట్టం పూడుకుపోతుంది. నీళ్లు వెనక్కి పొంగి కొంత కార్పెట్ మీదికి, కొంత సిల్ లోపలికి చేరతాయి. సిల్ లోపలినుంచి తుప్పు పడుతుంది కాబట్టి, బయట పెయింట్ పొంగేసరికి లోపల సగం పని అయిపోయి ఉంటుంది.

ముందు ఇది చేయండి: టాపు వెనక కార్పెట్ ఎత్తి రెండు రంధ్రాలూ వెతకండి. గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వాడే లావు నైలాన్ తీగ మెల్లగా తిప్పుతూ దించండి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు. గొట్టం కింది జాయింట్ ఊడితే కారు లోపలే వదులవుతుంది, తిరిగి తగిలించడం చాలా కష్టం. తర్వాత ఒక్కో పక్కా ఒక లీటరు నీళ్లు నెమ్మదిగా పోయండి. పోసినవన్నీ కిందనుంచి రావాలి.

ఆ తర్వాత సిల్. మెత్తటి గుడ్డలో చిన్న అయస్కాంతం చుట్టి సిల్ పొడవునా జరపండి. అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. పొంగిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి, జాలి పడొద్దు. తలుపు కింద ప్లాస్టిక్ పట్టీ తీసి, ఫోన్‌కి తగిలించే ఎండోస్కోప్ (సన్నటి కెమెరా) లోపలికి పంపండి. బయటి రేకు పోతే అది అందానికి సంబంధించిన గొడవ. లోపలి సిల్ పోయిందంటే బాడీ బలమే పోయినట్టు, ఎందుకంటే రేకు పైకప్పు లేని కారులో బరువంతా సిల్స్ మీదే నడుస్తుంది. తలుపు మూసి చుట్టూ సందు చూడండి. పై మూల దగ్గర సందు ఇరుకైతే కారు నడుము వంగిందని అర్థం.

జాక్ పెట్టేటప్పుడు: ముందు క్రాస్‌మెంబర్ (అడ్డ ఇనుప దూలం) కింద, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలను తిప్పే గేర్ల గుండు) కింద. గేర్‌బాక్స్‌నీ డిఫరెన్షియల్‌నీ కలిపే పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ కింద ఎప్పుడూ పెట్టొద్దు, వంగిపోతుంది. మీ సిల్ ఎలా ఉందో తేలేదాకా వెనక స్టాండ్లు సిల్ అంచు కింద కాకుండా సబ్‌ఫ్రేమ్ (వెనక చక్రాల భాగాలను మోసే చట్రం) కింద ఉంచండి.

---

పానా_పెట్టె (డాలస్)

పై అన్న చెప్పిన వరసే నాదీ. ఇంజిను గురించి రెండు ముక్కలు.

ఆ పెట్రోలు ఇంజిన్‌లోకి పోనివ్వొద్దు. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు ఏళ్ల తరబడి నిలిస్తే గాల్లోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు పీల్చేది సరిగ్గా ఆ అడుగునుంచే. జంప్ స్టార్ట్ ఇస్తే తుప్పూ బంకా ఇంజెక్టర్లలోకి (పెట్రోలు చిమ్మే ముక్కుల్లోకి) మీరే ఎక్కించినట్టు.

సీట్ల వెనక కార్పెట్ తీస్తే రేకు మూత, దాని కింద పంపు కనిపిస్తాయి. గ్యారేజ్ తలుపు తెరిచి, బ్యాటరీ విప్పి, దగ్గర్లో వాటర్ హీటర్ మంట లేకుండా చూసుకుని పని మొదలుపెట్టండి. పంపు తీసి ఆ కంతలోంచే పాతది చేతి పంపుతో లాగేయండి. ట్యాంకు 45 లీటర్లది, డబ్బాలు సరిపడా పెట్టుకోండి. టార్చి వేసి లోపల చూడండి. పంపు కింద జల్లెడ, కారు కిందున్న ఫిల్టరు కొత్తవి వేయండి. ట్యాంకు లోపలి చిన్న రబ్బరు పైపు మార్చేటప్పుడు ఎస్‌ఏఈ 30ఆర్10 రకమే అడగండి. మామూలు ఫ్యూయల్ పైపుకి లోపలి గోడ మాత్రమే పెట్రోలుకు తట్టుకుంటుంది, పెట్రోల్లో మునిగితే బయటి రబ్బరు కరుగుతుంది.

ఇంజిను లేపే పద్ధతి: నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో టీ స్పూను ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, 21 ఎంఎం సాకెట్‌తో క్రాంక్ (ఇంజిను ప్రధాన ఇరుసు) బోల్టు పట్టుకుని సవ్యదిశలో చేత్తో రెండు చుట్లు తిప్పండి. గట్టిగా తగిలితే ఆపండి, బలం పెట్టొద్దు. తిరిగితే ఆయిలూ ఫిల్టరూ మార్చి, హెడ్ వెనకున్న క్యామ్ యాంగిల్ సెన్సర్ ప్లగ్ పీకండి. అది లేకపోతే స్పార్కూ రాదు, ఇంజెక్టర్లూ తెరుచుకోవు. ఇప్పుడు కొత్త బ్యాటరీతో, ప్లగ్గులు లేకుండానే, పది సెకన్ల చొప్పున స్టార్టర్ తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా చూడండి. 1990 కారులో ఆ ముల్లు నిజంగానే ప్రెషర్ చూపిస్తుంది. తర్వాతి ఏళ్లలో అక్కడ ఉత్త స్విచ్ పెట్టారు.

కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) కూడా అప్పుడే కొలిచేయండి. ఫ్యాక్టరీ లెక్క 192 పీఎస్ఐ, కనీసం 135 ఉండాలి, సిలిండర్ల మధ్య తేడా 28 దాటకూడదు. ఏళ్లు నిలిచిన ఇంజిన్‌లో మొదటిసారి ఒక సిలిండరు తక్కువ చూపిస్తే కంగారు పడొద్దు. రింగులు అంటుకుని ఉండొచ్చు, వేడెక్కి నడిచాక మళ్లీ కొలవండి.

స్టార్ట్ అయ్యి వెంటనే ఆగిపోతే గాలి పైపు చూడండి. 1.6లో ఎయిర్ ఫ్లో మీటర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) లోపలి రెక్క తెరుచుకుంటేనే పెట్రోలు పంపు నడుస్తుంది. స్టార్టర్ తిరిగేటప్పుడు పంపుకి వేరే దారిలో కరెంటు వస్తుంది కాబట్టి ఇంజిను అందుకుంటుంది, తాళం వదలగానే ఆగుతుంది. మీటరుకీ థ్రాటిల్‌కీ మధ్య రబ్బరు గొట్టం మడతల్లో చీలి ఉంటే ఇదే వరస. డయాగ్నోస్టిక్ డబ్బాలో (పరీక్ష కోసం వైర్లు తగిలించే చిన్న పెట్టె) ఎఫ్/పీ, జీఎన్‌డీ రెండూ చిన్న వైరుతో కలిపితే తాళం ఆన్‌లో పంపు ఆగకుండా నడుస్తుంది. అలా పెడితే ఇంజిను నిలబడిందంటే తప్పు ఎక్కడుందో తెలిసిపోయినట్టే.

---

చెట్టుకింద_మియాటా

చాలా థాంక్స్ అన్నా, ఇద్దరికీ. డ్రెయిన్లు రెండూ పూడుకుపోయి ఉన్నాయి, నల్లటి మట్టి వచ్చింది. ఇప్పుడు నీళ్లు దిగుతున్నాయి. ఎడమ సిల్ గట్టిగా ఉంది. కుడివైపు స్క్రూడ్రైవర్ దిగిపోయింది, వేలు పట్టేంత కంత. ఎండోస్కోప్‌లో లోపలి సిల్ మీద పైపైన తుప్పు ఉంది కానీ రంధ్రం కనిపించలేదు. తలుపు సందు రెండు పక్కలా సమానంగానే ఉంది. దీనికి ఫైబర్ గ్లాస్ వేసి పుట్టీ పెడితే సరిపోతుందా? ఇంకోటి, టైమింగ్ బెల్ట్ (క్రాంక్‌తో వాల్వుల క్యామ్ ఇరుసులను తిప్పే పళ్ల బెల్టు) ఎప్పుడు మార్చారో కాగితాలు లేవు.

---

తుప్పు_వేట

లోపలి సిల్ బాగుందంటే కారు ఉంచుకోండి. ఫైబర్ గ్లాస్ మాత్రం వద్దు. దాని వెనక తేమ అలాగే ఉంటుంది, ఇప్పుడు బాగున్న లోపలి రేకుని కూడా తినేస్తుంది.

ఆ భాగానికి తయారు చేసిన రిపేర్ ప్యానెల్స్ దొరుకుతాయి. పాత రేకు మెరిసే ఇనుము కనిపించేదాకా కోయండి, సాధారణంగా బయట కనిపించిన మచ్చకు రెండింతలు పోతుంది. లోపలి తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, జింక్ ప్రైమర్ వేసి, అప్పుడు కొత్త ప్యానెల్ మూయాలి. మిగ్ వెల్డింగ్, 0.6 ఎంఎం తీగ. ఒకే గీతగా లాగొద్దు. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క అవతలి చివర, మధ్యలో రేకు చల్లారనివ్వాలి. లేకపోతే రేకు అలలు తిరిగి పుట్టీ మందంగా పెట్టాల్సి వస్తుంది. ముందు బ్యాటరీ విప్పండి, సీటూ కార్పెట్టూ బయటికి తీయండి.

మీకు మెషిన్ లేదు కాబట్టి కోయడం, శుభ్రం చేయడం, ప్యానెల్ అమర్చడం మీరే చేసి, వెల్డింగ్ ఒక్కటీ చేయించుకోండి. పనిలో ఎక్కువ గంటలు పట్టేది ఆ తయారీకే. పెయింట్ ఆరాక లోపల క్యావిటీ వ్యాక్స్ (తుప్పు ఆపే మైనం) పొడవాటి గొట్టంతో కొట్టండి. సిల్ కింద అంచులో నీళ్లు కారడానికి సన్నటి చీలికలు ఉంటాయి. నల్ల అండర్‌కోట్‌తో వాటిని మూసేయకండి. ఆ ఒక్క పొరపాటుతో సిల్ మళ్లీ కుళ్లుతుంది.

ప్యాసింజర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తినప్పుడు రేకు కవరు కింద ఈసీయూ (ఇంజిను కంప్యూటర్) ఉంటుంది. 1.6 అమెరికా కార్లలో అది అక్కడే. తీసి కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి తుప్పు ఉందేమో చూడండి.

---

హిరోషిమా_90 (సియాటిల్)

బెల్ట్ విషయం. కాగితం లేదంటే మార్చనట్టే లెక్క. 60,000 మైళ్లకోసారి మార్చాలి. ఈ ఇంజిన్‌లో బెల్ట్ తెగినా పిస్టన్లు వాల్వులకు తగలవు, కాబట్టి చేత్తో తిప్పి చూడ్డానికి భయం లేదు. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి వాటర్ పంపు, టెన్షనర్, ఐడ్లర్, ముందు క్రాంక్ సీల్, రెండు క్యామ్ సీల్స్ ఒకేసారి వేసేయండి. పేర్చేటప్పుడు క్యామ్ పుల్లీల మీద ఐ, ఈ గుర్తులు పైకి ఉండాలి, రెంటి మధ్య బెల్ట్ పళ్లు 19. చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ లెక్కపెట్టండి.

అసలు జాగ్రత్త వేరే ఉంది. 1990 కార్లకు, 1991లో కొన్నిటికి క్రాంక్ ముక్కు (పుల్లీ తగిలే ముందు కొన) పొట్టిది. క్రాంక్ పుల్లీ మధ్య భాగంలో నాలుగు గాట్లుంటే పొట్టిది, ఎనిమిదైతే పొడుగుది. పొట్టి ముక్కు మీద బోల్టు వదులైతే కీ (పుల్లీని క్రాంక్‌కి పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క) కదిలి, గాడి వెడల్పై, పుల్లీ ఊగడం మొదలవుతుంది. క్యామ్ టైమింగ్ వెనక్కి జారి కారు ఎక్కుడు రోడ్డు మీద చచ్చుబడుతుంది. బెల్ట్ పని చేసి బోల్టు సరిగా బిగించకపోవడం వల్లే చాలా క్రాంకులు పోయాయి. గాడి అంచులు వేలుగోరుతో తడమండి, మెట్టులా తగిలితే ముందుకెళ్లకుండా ఇక్కడ ఫొటో పెట్టండి. బాగుంటే కొత్త బోల్టు, కొత్త కీ వేసి టార్క్ రెంచితోనే బిగించండి: పొట్టి ముక్కుకి 108 నుంచి 118 న్యూటన్ మీటర్లు. పొడుగు దాని అంకె ఎక్కువ, అది దీనికి వాడొద్దు.

హెడ్ వెనక ఆయిల్ కారుతుంటే అది క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్. సెన్సర్ తీసేముందు హెడ్ మీదికి అడ్డంగా ఒక గీత గీసుకోండి, తిప్పితే ఇగ్నిషన్ టైమింగ్ మారుతుంది. తర్వాత డయాగ్నోస్టిక్ డబ్బాలో టీఈఎన్, జీఎన్‌డీ కలిపి టైమింగ్ లైట్‌తో 10 డిగ్రీలకు సరిచూడండి.

---

పానా_పెట్టె

క్లచ్, బ్రేకులు మిగిలాయి. క్లచ్‌కి గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ కారి ఉంటుంది, రబ్బరు బూటు తోసి చూస్తే తడిగా ఉంటుంది. స్లేవ్, మాస్టర్ (పెడల్ వైపున్న సిలిండర్), మధ్య పైపు మూడూ కలిపి వేయండి. ఒక్క స్లేవ్ కొత్తది వేస్తే పాత మాస్టర్ సీలు కొద్ది రోజుల్లోనే వదిలేస్తుంది.

బ్రేకు నూనె మార్చేటప్పుడు పెడల్ నేలదాకా తొక్కొద్దు. బ్రేకు మాస్టర్ లోపల ఏళ్లుగా పిస్టన్ తిరగని చోట తుప్పు ఉంటుంది, సీలు దాని మీదికెళ్తే చిరుగుతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టి సగం దూరమే తొక్కండి. డాట్ 3 నూనె. కుడి వెనకతో మొదలుపెట్టండి. వెనక క్యాలిపర్లలో (ప్యాడ్లను నొక్కే భాగాల్లో) హ్యాండ్ బ్రేక్ లీవర్ పట్టేస్తుంది. కొత్తవి వేస్తే క్యాలిపర్ వెనక 14 ఎంఎం బోల్టు తీసి, లోపల 4 ఎంఎం అలెన్‌తో ప్యాడ్లు అంటుకునేదాకా బిగించి, మూడో వంతు చుట్టు వదలండి. ఇది చేయకుండా కేబుల్ బిగిస్తే హ్యాండ్ బ్రేక్ ఎప్పటికీ పట్టదు.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కాబట్టి గాలి గొట్టం తగిలించుకునే ఏజీఎం (యాసిడ్ చిందకుండా మూసి ఉండే) రకమే కొనండి. మామూలుది పెడితే యాసిడ్ ఆవిరి డిక్కీ రేకుని తింటుంది. పాతదాని కింద ట్రే ఎత్తి చూడండి.

---

తుప్పు_వేట

రంగు గురించి ఎవరూ చెప్పలేదు. రీపెయింట్ ఆలోచన ఇప్పుడే వద్దు. బానెట్ మీద ఒక మూల పాలిషింగ్ కాంపౌండ్ రాయండి. గుడ్డకి ఎరుపు అంటితే పైన క్లియర్ కోటు లేదన్నమాట, గులాబీ పొర పోయి కింద అసలు రంగు వస్తుంది. అంచుల దగ్గర మాత్రం మెషిన్ వాడకుండా చేత్తో రుద్దండి, అక్కడ పెయింట్ పలచగా ఉంటుంది.

కొత్త టాపు అన్నిటికన్నా చివర వేయండి. కుడి సిల్ మీద వెల్డింగ్ జరిగేటప్పుడు ఒక్క నిప్పురవ్వ ఎగిరితే కొత్త ప్లాస్టిక్ కిటికీకి కంత పడుతుంది. అప్పటిదాకా చిరిగిన కిటికీకి లోపలా బయటా వెడల్పు టేపు వేసి, కారు గ్యారేజ్‌లోనే ఉంచండి.