చందా ఇచ్చినోళ్ల పేర్లు బయటపెడితే అవినీతి తగ్గుతదా?

మూసీగట్టు (సూర్యాపేట):
2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు, పేరు బయటపడకుండ పార్టీలకు చందా ఇచ్చే ఎన్నికల బాండ్లు చెల్లవన్నది. మార్చిల బాండ్లు ఎవరు కొన్నరో, ఏ పార్టీకి పోయినయో ఆ లిస్టులు బయటికొచ్చినయి. మనకేం ఒరిగింది? 2022 మునుగోడు ఉప ఎన్నికప్పుడు ఓటుకు చెప్పినంత పైసలు ఇయ్యలేదని ఊర్లల్ల జనం నిలదీసిన్రు. ఆ పైసలకు బాండు లేదు, రశీదు లేదు. పైన పేర్లు చదువుకుంట కూసుంటే కింద పంపకం ఆగదు.

మిల్లు అన్న (మిర్యాలగూడ):
నాది రైస్ మిల్లు. అధికారంల లేనోళ్లకు చందా ఇచ్చిన్నని నా పేరు ఎక్కితే, తెల్లారే సీఎంఆర్ బియ్యం (సర్కారు వడ్లు మరపట్టి తిరిగిచ్చే బియ్యం) లెక్క తీస్తరు. పేరు గుట్టుగ ఉంటేనే ప్రతిపక్షానికి పైసా పుడుతది.

పాలమూరు లెక్క (జడ్చర్ల):
మిల్లు అన్నా, నీ భయం నిజమే. కానీ బాండ్లు నిన్ను కాపాడేటియి కావు. అమ్మింది ఒక్క స్టేట్ బ్యాంకే, అది సర్కారు బ్యాంకు. బాండు మీద మామూలు కంటికి కనపడని నంబరు సుత ఉండె. తెలుసుకోవాలనుకుంటే సర్కారుకు దారున్నది, ఓటేసే మనకే లేకపాయె.

కాంట్రాక్టు పనులు చేసే మేఘా ఇంజనీరింగ్ కంపెనీ 966 కోట్ల బాండ్లు కొన్నది. అందుల బీఆర్ఎస్‌కు 195 కోట్ల దాక పోయినయి, బీజేపీకి అంతకన్న మస్తు ఎక్కువ. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పనులు చేసిన కంపెనీలల్ల అదొకటి. తప్పు జరిగిందని నేను అంటలేను. కానీ ఆ పథకంల ఉదండాపూర్ రిజర్వాయర్ కింద భూమి పోయిన రైతు చందాల లిస్టును, పనుల కాంట్రాక్టులను పక్కపక్కన పెట్టి చూసుకోవాలె కదా. 2024 దాక ఆ వీలే లేకుండె.

మూసీగట్టన్నా, కింది పంపకం గురించి నువ్వన్నది ఒప్పుకుంట. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల హద్దున్నది, పార్టీ ఖర్చుకు హద్దే లేదు. ఖర్చుల రిజిస్టర్ల చాయ్‌కు, కుర్చీకి, షామియానాకు రేటు కట్టి రాస్తరు. రాత్రిపూట ఇంటికొచ్చే కవరు ఏ గడిలకు ఎక్కదు. అయితే ఆ కవర్ల పైస ఎవరో పెద్దోడు పెట్టిందే, రేపు టెండర్ల రాబట్టుకునేదే. అందుకే పెద్ద చందాల పేర్లు పోలింగుకు ముందే రావాలంటున్న. ఇప్పుడు 20,000 దాటిన చందాల లెక్క పార్టీలు ఏడాదికోసారి ఇస్తయి, అప్పటికి ఓట్లు పడి గెలిచినోళ్లు కుర్చీల కూసుంటరు.

మూసీగట్టు:
ముందుగాల్నే వస్తే నేను సుత చదువుత. నోటు కట్టలను పట్టేదెవరో మాత్రం నువ్వింక చెప్పలే.

మిల్లు అన్న:
పెద్ద చందా అంటే ఎంత తమ్మీ? మేఘాకు ఐదు లక్షలు లెక్కల్లకే రావు. నాకు అది సీజన్ లాభం.