పాత కారు బ్రేక్ కాలిపర్ పట్టేస్తోంది: ఇంట్లో విప్పి సీల్ కిట్ వేసుకోవచ్చా, షెడ్డుకే వదిలేయాలా?

విశాఖ_స్విఫ్ట్:

నమస్కారం అండి. మాది 2007 స్విఫ్ట్ పెట్రోల్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. పదిహేనేళ్లు నిండాక ఆర్సీ రెన్యూవల్ చేయించుకుని నడుపుతున్నాం. ఇల్లు బీచ్ రోడ్డుకి దగ్గర, కారు ఎప్పుడూ ఆరుబయటే. ఇక్కడి గాలికి ఇనుము ఏదైనా ఇట్టే తుప్పు పడుతుంది.

ఎడమ ముందు చక్రం పట్టేస్తోంది. కాస్త దూరం వెళ్లి ఆపితే కాలిన వాసన. వీల్ నట్ల మీద నీళ్లు చిలకరిస్తే చుయ్యిమంటున్నాయి. కుడిపక్క అలా లేదు. జాకీ మీద ఎత్తి తిప్పితే కుడిది తేలిగ్గా తిరుగుతోంది, ఎడమది రెండు చేతులూ వేసి లాగితే గానీ కదలదు. మైలేజీ కూడా పడిపోయింది.

దగ్గర్లో ఒక షెడ్డులో చూపిస్తే చక్రం కూడా విప్పకుండా రెండు కాలిపర్లూ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు) మార్చేయాలన్నారు. నా దగ్గర పానాల సెట్టు, టార్క్ రెంచి, జాకీ స్టాండ్లు ఉన్నాయి. ఇంజనాయిలు, ప్లగ్గులు, ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. కాలిపర్ లోపల ప్యాడ్‌ని తోసే పిస్టన్ బయటికి తీసి, దాని చుట్టూ ఉండే రబ్బరు సీల్ వేయడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. వచ్చే నెల ఇంటిల్లిపాదీ అరకు వెళ్లాలి. ఇది ఇంట్లో చేసే పనేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

బెజవాడ_ఆటోనగర్:

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా. వద్దు.

బ్రేకు పనే నా తిండి. ప్లగ్గు సరిగా బిగించకపోతే బండి మిస్ కొడుతుంది, ఇంటి ముందే తెలిసిపోతుంది. బ్రేకులో పొరపాటు ఇంటి ముందు తెలియదు, ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, రోజుల తరబడి నీళ్లలో నిలిచిన కార్లు మా దగ్గరికి వరసగా వచ్చాయి. కాలిపర్లు పట్టేసినవి వాటిలో చాలా. కొందరు అప్పటికే సొంతంగా విప్పి బిగించి తెచ్చారు. ఒకాయన ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకి బిగించాడు. చూడ్డానికి చక్కగా కూర్చుంది. కానీ లోపలి గాలి వదిలే బ్లీడర్ నిపుల్ కింది వైపుకు వచ్చింది. గాలి పైకి చేరుతుంది, నిపుల్ కింద ఉంటే ఎంత పెడల్ కొట్టినా ఎయిర్ పోదు. ఆయన అలాగే మెత్తటి పెడల్‌తో ట్రాఫిక్‌లో నడుపుకుంటూ వచ్చాడు.

ప్యాడ్లు మార్చుకోండి, నేనేమీ అనను. బ్రేక్ ఆయిల్ వెళ్లే హైడ్రాలిక్ లైను విప్పే పని మాత్రం చేయి తిరిగినవాళ్లకు వదలండి.

ఉప్పల్_పానా:

అన్నా, మీ అనుభవం మీద గౌరవముంది. కానీ షెడ్డుల చేస్తే భద్రం, ఇంట్ల చేస్తే ప్రమాదం అంటే ఒప్పుకోను. నేను చూసిన షెడ్లల్ల కాలిపర్‌ను డీజిల్‌ల ముంచి కడుగుతరు, పిన్నులకు చేతికందిన బేరింగ్ గ్రీజు పూస్తరు. టార్క్ రెంచి ఉండదు, పైపు తొడిగి బలం కొద్దీ బిగిస్తరు. సాయంత్రంలోపు బండి అప్పజెప్పాలె, ఇంకో బండి బయట నిలబడి ఉంటది. ఇంట్ల చేసుకునేటోనికి ఆ తొందర లేదు. తుప్పు మొత్తం పోయేదాక కూర్చుని తుడుస్తడు, అనుమానముంటే మళ్ల విప్పుతడు.

ఇంకోటి. 1988 మోటారు వాహనాల చట్టంల సెక్షన్ 190 ఉన్నది. తెలిసిన లోపమో, మామూలు జాగ్రత్తతోని చూస్తే తెలిసే లోపమో ఉన్న బండిని రోడ్డెక్కిస్తే నడిపినోనిదే తప్పు. బిల్లు చూపిస్తే ఆ బాధ్యత మెకానిక్ మీదికి పోదు. బాధ్యత ఎట్లాగూ మనదే అయినప్పుడు, పని ఎట్ల జరిగిందో కళ్లారా చూసుకునుడే మేలు.

గోదారి_గాలి:

ఇద్దరూ ఒక్క నిమిషం ఆగుతారా? పిస్టనే పట్టిందని అసలు ఎవరు తేల్చారు? చక్రం పట్టడానికి మూడు చోట్ల కారణం ఉండొచ్చు: పిస్టన్, కాలిపర్ జరిగే గైడ్ పిన్నులు, లేదా కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం, అంటే బ్రేక్ హోస్. మూడింటికీ వైద్యం వేరు. చక్రం విప్పకుండా రెండు కాలిపర్లూ మార్చమన్న షెడ్డు మీదా, విప్పకుండానే కిట్ వేసుకోమంటున్న వాళ్ల మీదా నాకు ఒకే అభ్యంతరం.

విశాఖ గారూ, ఇలా చేయండి. కారు సమతలంగా ఉన్నచోట, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగం స్టాండ్ల మీద ఉంచండి. ఒట్టి జాకీ మీద ఉన్న కారు దగ్గర చేయి పెట్టొద్దు. చక్రం పట్టేసి ఉన్నప్పుడే బ్లీడర్ నిపుల్‌కి గొట్టం తగిలించి, కొస సీసాలో పెట్టి, నిపుల్ కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే తేలికైతే లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందన్నమాట. అప్పుడు కాలిపర్ జోలికి వెళ్లకుండా హోస్‌ని అనుమానించాలి. పాత హోస్ బయటికి బాగానే కనిపిస్తుంది. లోపలి పొర ఉబ్బి, పెడల్ నొక్కినప్పుడు ఆయిల్‌ని వెళ్లనిస్తుంది, వదిలినప్పుడు వెనక్కి రానివ్వదు. ముందు రెండు చక్రాలూ పట్టేస్తే పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ దాకా వెళ్లి వెతకాలి, మీకు ఒక్కటే కాబట్టి ఇప్పుడా గొడవ లేదు.

నిపుల్ వదిలినా చక్రం బిగుసుకునే ఉంటే పిన్నో పిస్టనో పట్టినట్టు. ప్యాడ్లు తీసి అరుగుదల చూడండి. పిస్టన్ వైపు ప్యాడ్ బాగా అరిగితే పిస్టన్ వెనక్కి రావడం లేదు. బయటి ప్యాడ్ ఎక్కువ అరిగితే కాలిపర్ జరగడం లేదు. ఒకే ప్యాడ్ ఒక కొసన పలచగా, ఇంకో కొసన మందంగా ఉంటే ఒక పిన్ను పట్టేసింది. ఆ నల్ల పొడిని మాత్రం నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడి గుడ్డతో తుడవండి.

ఓహియో_ఆంధ్రుడు:

ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కాబట్టి కాలిపర్ పట్టడం మామూలు విషయం. అయినా ఇంట్లో పని చేసుకునేవాళ్లలో సీల్ కిట్ వేసేవాళ్లు తక్కువ. పాత కాలిపర్ దుకాణంలో ఇచ్చి, బాగుచేసినది తెచ్చుకుని బిగిస్తారు. ముందు కొంత డిపాజిట్ తీసుకుని, పాతది ఇచ్చాక వాపసు చేస్తారు. అక్కడ కిట్ కొన్ని వందల్లో దొరుకుతుంది కాబట్టి లెక్క వేరు, అది ఒప్పుకుంటాను. కానీ మొదటిసారి చేస్తున్నవాళ్లకు నా సలహా కాలిపర్ మొత్తంగా మార్చుకోమనే. లోపల సీల్ కూర్చునే గాడి బాగుందో లేదో పోల్చుకోవాలంటే అంతకు ముందు ఒక మంచి గాడి చూసి ఉండాలి కదా.

విశాఖ_స్విఫ్ట్:

గోదారి గారూ, చెప్పినట్టే చేశాను. నిపుల్ వదిలినా చక్రం అలాగే బిగుసుకుని ఉంది. కాలిపర్ విప్పాను. పై పిన్ను వేలితో లాగితే వచ్చేసింది. కింది పిన్ను పానా వేసి మెలితిప్పితే గానీ కదల్లేదు. బయటికొచ్చాక చూస్తే దాని కొసన ఉన్న రబ్బరు తొడుగు ఉబ్బిపోయి, వేలితో నొక్కితే జిగురు జిగురుగా ఉంది. చుట్టూ నల్లటి గ్రీజు ముద్ద. బయటి ప్యాడ్ కింది కొసన బాగా పలచబడింది.

పిస్టన్ కూడా చూశాను. దాని చుట్టూ ఉండే దుమ్ము బూటు ఒకచోట చిరిగింది. బూటు మడత పక్కకి తీస్తే పిస్టన్ మీద అర అంగుళం మేర తుప్పు చుక్కలు. ఇంకా లోపలికి నొక్కలేదు. పిన్నులు శుభ్రం చేసి కొత్త ప్యాడ్లు వేసేస్తే సరిపోతుందా?

ఉప్పల్_పానా:

ఆ నల్ల గ్రీజే అసలు దొంగ. బ్రేకు రబ్బర్లు ఎక్కువ శాతం ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరుతో చేస్తరు. పెట్రోలు, డీజిలు, కిరోసిను, మామూలు గ్రీజు ఏది తగిలినా ఆ రబ్బరు ఉబ్బుతది. పిన్నులకు బ్రేకు కోసం అమ్మే సిలికాన్ గ్రీజే పూయాలె, అదీ పలచగా. పిన్ను కొస తొడుగు, రెండు బూట్లు కొత్తవి వెయ్యండి. పిన్ను పోయే రంధ్రంల పాత గ్రీజు అణువంత కూడా మిగలొద్దు.

బెజవాడ_ఆటోనగర్:

గ్రీజు సంగతిలో ఉప్పల్ తమ్ముడు చెప్పింది నిజమే, మా వీధిలోనే ఈ అలవాటు ఉంది. డీజిల్‌తో కడగడం నేను మానేసి చాలా కాలమైంది, మా కుర్రాళ్లతోనూ మాన్పించాను.

పిస్టన్ తుప్పు విషయానికి వస్తే, సన్నటి ఎమరీ పేపర్ నీళ్లతో తడిపి రుద్దితే పోతుంది. మేం చేసేదదే. దానికోసం పిస్టన్ మార్చక్కర్లేదు.

గోదారి_గాలి:

ఆటోనగర్ గారూ, ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను. విశాఖ గారూ, మీరు పిస్టన్‌ని నొక్కకపోవడం మంచిదైంది, అదే కీలకం.

ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ బయటికి వస్తూ ఉంటుంది. ఆ బయటికొచ్చిన భాగాన్ని తడి నుంచి కాపాడేది ఆ బూటు ఒక్కటే. అది చిరిగింది, లోపలికి సముద్రపు తేమ వెళ్లింది, అక్కడే తుప్పు పట్టింది. ఇప్పుడు మందపాటి కొత్త ప్యాడ్లు వేయాలంటే పిస్టన్‌ని లోపలికి తోయాలి. అంటే ఇన్నాళ్లూ సీల్ బయట ఉన్న తుప్పు భాగాన్ని సీల్ మీదుగా లోపలికి ఈడుస్తున్నట్టు. పాత ప్యాడ్లతో ఏ ఇబ్బందీ లేని కాలిపర్, కొత్త ప్యాడ్లు వేసిన వారానికే పట్టేయడమో కారడమో ఇందువల్లే. పిన్నుల పని ఒక్కటే చేసి ఊరుకుంటే మీకు జరిగేది అదే.

ఎమరీ పేపర్ పైపై మరకని తీస్తుంది. గోరుతో గీస్తే తగిలే గుంట ఉందంటే క్రోమ్ పూత లేచిపోయిందని అర్థం. రుద్దితే గుంట పెద్దదవుతుంది, పూత ఇంకా పోతుంది, తర్వాతి వానాకాలానికి మళ్లీ తుప్పు. అలాంటి పిస్టన్ మార్చాల్సిందే.

ఇక సీల్. అది ఓ-రింగులా గుండ్రంగా ఉండదు, కోసి చూస్తే నలుచదరంగా ఉంటుంది. పెడల్ నొక్కినప్పుడు పిస్టన్‌ని పట్టుకునే ఒక పక్కకి వంగుతుంది. వదిలినప్పుడు మళ్లీ నిటారుగా లేచి, పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. డిస్క్ బ్రేకులో పిస్టన్‌ని వెనక్కి లాగే స్ప్రింగు ఇంకేదీ లేదు, ఈ రబ్బరే. ఆ సీల్ కూర్చునే గాడిలో తుప్పు పేరుకుంటే అది సీల్‌ని వెనక నుంచి తోస్తుంది, సీల్ పిస్టన్‌ని గొంతు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. ఆ గాడి శుభ్రం చేయకుండా వేసిన కొత్త సీల్ పాతదానికంటే ఎక్కువ బిగుసుకుంటుంది. కిట్ వేసినా లాభం లేదని చాలామంది అనడానికి మూలం ఇక్కడుంది. గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి గీకొద్దు, గీత పడితే కారుతుంది. ప్లాస్టిక్ పుల్లతో, మెత్తటి ఇత్తడి బ్రష్‌తో నెమ్మదిగా తీయండి. కడగడానికి బ్రేక్ క్లీనరో కొత్త బ్రేక్ ఆయిలో వాడండి. శుభ్రమయ్యాక గాడిలో గుంటలు కనిపిస్తే కాలిపర్ మార్చేయండి, దానికి ఇంకో మాట లేదు.

బెజవాడ_ఆటోనగర్:

కొత్త ప్యాడ్లతో తుప్పు భాగం లోపలికి పోయే సంగతి సరైనదే. ప్యాడ్లు మార్చాక నెలలోపు తిరిగొచ్చే బళ్లలో ఇది ఉంటుంది. అయినా పైమరకకి పిస్టన్ మార్చమనను, గుంట ఉంటేనే మార్చమంటాను.

విశాఖ గారూ, మీరు ఎలాగూ చేసేలా ఉన్నారు కాబట్టి చేయాల్సిన తీరు చెబుతాను. పిస్టన్ తీయడానికి కంప్రెసర్ గాలి పెట్టొద్దు. అది తుపాకీ గుండులా వస్తుంది, వేళ్లు నలిగిన కుర్రాళ్లని చూశాను. హోస్ విప్పకముందే, ఎదురుగా చెక్కముక్క అడ్డుపెట్టి, పెడల్‌తో మెల్లగా బయటికి తోయించండి. హోస్‌ని కాలిపర్‌కి బిగించే బాంజో బోల్టుకి రెండు పక్కలా కొత్త రాగి వాషర్లు వేయండి. బ్రేక్ ఆయిల్ బాడీ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు కొట్టండి.

ఎయిర్ తీసేటప్పుడు పెడల్ నేలకి తాకేదాకా కొట్టొద్దు. పాత మాస్టర్ సిలిండర్‌లో రోజూ తిరిగే మేర నునుపుగా ఉంటుంది, దాని అవతల తుప్పు ఉంటుంది. పెడల్ పూర్తిగా దించితే లోపలి రబ్బరు కప్పులు ఆ తుప్పు మీద కోసుకుపోతాయి. పెడల్ కింద ఒక చెక్క పెట్టండి. రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ డబ్బా) ఒక్కసారి కూడా ఖాళీ కానివ్వొద్దు. దాని మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అని ఉంటే డాట్ 4 పోయొచ్చు, డాట్ 5 పోయొద్దు, అది సిలికాన్. డాట్ 3 కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 140కే మరుగుతుంది. డాట్ 4కి అవే 230, 155. చక్రం పట్టేసి కాగుతున్న కారులో పాత ఆయిల్‌తో ఘాట్ దిగితే ఆవిరి పుట్టి పెడల్ ఒక్కసారిగా నేలకి పోతుంది.

ఏబీఎస్ ఉన్న కార్లవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆయిల్ ఒత్తిడిని అదుపు చేసే ఏబీఎస్ మాడ్యులేటర్‌లోకి గాలి దూరితే స్కానర్ లేకుండా తీయడం చాలా బళ్లలో కుదరదు. మీరు మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు.

విశాఖ_స్విఫ్ట్:

పని అయింది. ఎడమ కాలిపర్ గాడి శుభ్రం చేశాక అడుగున గుంటలు తేలాయి, పిస్టన్ మీద కూడా గోరుకి తగిలాయి. అందుకని ఎడమవైపు కొత్త కాలిపర్ వేశాను. కుడివైపు గాడీ పిస్టనూ రెండూ నునుపుగా ఉన్నాయి, సీల్ కిట్‌తో సరిపోయింది. రెండు వైపులా పిన్నులకి కొత్త బూట్లు, సిలికాన్ గ్రీజు. మా బావమరిది పెడల్ దగ్గర కూర్చున్నాడు, ఆయిల్ మొత్తం మార్చేశాం. ఇంజన్ ఆన్‌లో ఉంచి పెడల్ గట్టిగా నొక్కి పట్టుకుంటే దిగడం లేదు. బాంజో దగ్గర టిష్యూ పెట్టి చూస్తే తడి లేదు. ఇప్పుడు నేరుగా అరకు వెళ్లొచ్చా?

బెజవాడ_ఆటోనగర్:

ఇప్పుడే కాదు. కొన్నాళ్లు ఊళ్లోనే నడపండి. రోజూ దిగాక రెండు చక్రాల సెగ పోల్చి చూడండి, రిజర్వాయర్ గీత చూడండి. గీత కొంచెం దిగినా కారు ఆపేసి ఎక్కడ కారుతోందో వెతకండి. ఆ తర్వాత సింహాచలం కొండ ఒకసారి ఎక్కి దిగి, పెడల్ అంతే గట్టిగా ఉందో లేదో ఇక్కడ రాయండి. అప్పుడు చెబుతాను.