బ్రిటన్ పెత్తనం నిజానికి ఎప్పుడు పోయింది? చరిత్ర చదివినవాళ్లు కాస్త చెప్పండి

నమస్కారం అండీ. గ్రూప్-1 మెయిన్స్ కోసం ‘అగ్రరాజ్యాల ఆధిపత్యం, శాంతి ఎంతకాలం నిలుస్తాయి’ అన్న అంశం మీద వ్యాసం రాసుకుంటున్నాను. బ్రిటన్‌ను ఉదాహరణగా తీసుకున్నాను గానీ ఒకచోట ఇరుక్కుపోయాను.

తన తర్వాతి రెండు పెద్ద నౌకాదళాలు కలిసినా తమదాన్ని మించకూడదని 1889లో ఏకంగా చట్టంతోనే విధానం పెట్టుకున్న దేశం అది. అదే దేశం 1956లో సూయజ్ కాలువ కోసం ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌తో కలిసి ఈజిప్టు మీదికి వెళ్లింది. యుద్ధంలో ఓడిపోలేదు. నవంబరు 5న పారాట్రూపర్లు దిగారు, మర్నాడే కాల్పుల విరమణకు ఒప్పుకున్నారు! పౌండు విలువను కాపాడే విదేశీ మారక నిల్వలు కరిగిపోతున్నాయి, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) నుంచి డబ్బు రావాలంటే అమెరికా తలూపాలి, అధ్యక్షుడు ఐసెన్‌హోవరేమో ససేమిరా అన్నాడు. జనవరికల్లా ప్రధాని ఈడెన్ రాజీనామా.

మరి దెబ్బ పడింది అప్పుడేనా? లేక రెండు ప్రపంచ యుద్ధాల అప్పులతోనే పని అయిపోయిందా? 1914కి ముందే జర్మనీ ఉక్కు ఉత్పత్తిలో దాటేసింది కదా, అసలు కారణం అదేనా?

ఇంకో సందేహం. 1815 నుంచి 1914 వరకు బ్రిటన్ వల్లే శాంతి అంటారు. చైనాతో నల్లమందు యుద్ధాలు, రష్యాతో క్రిమియా యుద్ధం, మన 1857 అన్నీ ఆ వందేళ్లలోవే. పెద్ద దేశాలు తమలో తాము తక్కువ కొట్టుకుంటే దాన్ని శాంతి అనేయడం నాకైతే మింగుడు పడట్లేదు.

అమెరికా, చైనా గొడవ వద్దు, అది టీవీలో రోజూ ఉండేదే. బ్రిటన్ విషయంలో ఒక్క కారణమే రాయమంటే మీరు ఏది రాస్తారు, ఎందుకు?