అప్‌డేట్: అరసవల్లి ఫ్లాటు, రోజువారీ అద్దెకా, నెలవారీ అద్దెకా?

శ్రీకాకుళంలో అరసవల్లి గుడి దగ్గరున్న మా ఫ్లాటును యాత్రికులకు రోజువారీగా ఇవ్వాలా, ఏదైనా కుటుంబానికి నెలవారీగా ఇవ్వాలా అని అడిగింది నేనే. చివరికి నెలవారీకే ఇచ్చేశాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ముందు కాగితం మీద లెక్క వేయమన్న మాట బాగా పనికొచ్చింది. రథసప్తమికీ, ఆదివారాలకూ గిరాకీ ఉంటుంది, మిగతా రోజుల్లో తలుపుకు తాళమే. విజయనగరంలో ఉండే నేను దుప్పట్లు ఉతికించడానికీ, తాళంచెవి అందించడానికీ మనిషిని పెట్టాలి. ఇంటి అద్దెగా చూపితే పన్ను లెక్కలో అద్దె ఆదాయం నుంచి 30 శాతం మినహాయింపు ఉంటుందనీ, లాడ్జిలా నడిపితే అది వ్యాపార ఆదాయమై ఆ మినహాయింపు పోతుందనీ ఆడిటర్ చెప్పారు. అసలు రోజువారీ అతిథులు కూడదని అపార్ట్‌మెంట్ సంఘం నియమాల్లోనే ఉంది, నేనే చదవలేదు! 11 నెలల ఒప్పందం రాసుకున్నాం.