నెమళ్ళ మీద చట్టం సడలించాలా, వద్దా?

మెట్టరైతు, ఉదయగిరి:
వేరుశనగ మొలక నేల చీల్చుకుని తల ఎత్తిందో లేదో నెమళ్ళు దిగాయి. సాలు వెంబడే నడుస్తూ మొలక పీకి, పప్పు తిని, కాడ అక్కడే పడేస్తాయి. నిన్న పొద్దున్నే పద్నాలుగు లెక్కపెట్టాను. విత్తనం రెండోసారి కొన్నాను. అడవిపంది విషయంలో ఏదో ఒక దారి చూస్తారు, మా నెమలి గోడు ఎవరికీ పట్టదు. వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితా ఉంది కదా, ఆ మొదటి షెడ్యూల్ నుంచి దాన్ని తీసేయాలి.

బడిపంతులు, కనిగిరి:
అన్నా, నీ నష్టం కాదనను. కానీ తీసేయడానికి నేను ఒప్పుకోను. 1963లో జాతీయ పక్షిని చేసుకున్నాం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు అది మొదటి షెడ్యూల్‌లో ఉంది. పంటకు చేటని ప్రకటించే వీలు రెండో షెడ్యూల్ జంతువులకే. అడవిపంది అందులో ఉంది, నెమలి లేదు. ఆ గీత చెరిపితే తుపాకీ నీ చేలోనే ఆగుతుందా? మాంసానికీ ఈకలకీ కాచుకున్నవాళ్ళు ముందు వస్తారు. ఈకలైతే జతకట్టే కాలం దాటాక వాటంతట అవే రాలతాయి, చంపే పనే లేదు.

నిరుడు మా కందిచేను గట్టున రేగుపొద కింద గూడు చూశాను. గూడంటే కాస్త గుంట, అందులో అయిదు గుడ్లు. నేను రెండడుగుల దూరంలో ఉన్నా పెట్ట కదల్లేదు, మెడ నేలకు ఆనించి కూర్చుంది. నాలుగు వారాలు అది ఒక్కతే పొదగాలి, మగది తొంగిచూడదు. మూడో వారంలో కుక్కలు పడ్డాయి. పెంకులే మిగిలాయి.

మెట్టరైతు:
చదివితే బాధేసింది మాస్టారూ. మరి నా విత్తనం ఖర్చు?

పామూరు నుంచి ఒక చెల్లెలు:
మా వైపు ఒకరు గుళికల మందు కలిపిన గింజలు చల్లారు. నెమళ్ళతోపాటు కౌజులు, పావురాలు కూడా చచ్చిపడ్డాయి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. నెమళ్ళు మేతకు దిగేది ఎక్కువగా పొద్దున, సాయంత్రం. రాత్రి చెట్టెక్కుతాయి. విత్తాక పదిరోజులు ఆ రెండు పూటలా వంతులేసుకుని కాపలా కాశాం, చాలావరకు దక్కింది. మెరిసే రిబ్బన్లు మాత్రం నాలుగు రోజులకే అలవాటైపోయాయి.

మెట్టరైతు:
కాపలా కాస్తానమ్మా. షెడ్యూల్ మీద నా మాట మాత్రం మారలేదు. మాస్టారూ, పరిహారం కోసం అర్జీ పెడితే సంతకం చేస్తారా?

బడిపంతులు:
చేస్తాను. అర్జీ నేనే రాసి రేపు ఇక్కడ పెడతాను.