సంక్రాంతికి డెంప్‌స్టర్ హైవే మీద టక్టోయక్టక్ దాకా కారులో వెళ్ళొచ్చిన గోదారోళ్ళు ఎవరన్నా ఉన్నారా?

రాజోలు_కుర్రోడు:
ఆయ్, అందరికీ నమస్కారమండి. మా అన్నయ్య కెనడాలో వైట్‌హార్స్‌లో ఉంటాడు, జనవరిలో నేను వెళ్తున్నా, అక్కణ్ణుంచి డాసన్ దాకా వెళ్ళకుండా మధ్యలో డెంప్‌స్టర్ ఎక్కేసి ఇనువిక్, ఆపైన టక్టోయక్టక్, అంటే ఆర్కిటిక్ సముద్రం దాకా వెళ్ళాలని ప్లాను. ఒకవైపే దగ్గరదగ్గర 1,370 కిలోమీటర్లు. బండి పెట్రోల్ ఎస్‌యూవీ, మంచు టైర్లున్నాయి. అంతర్వేదిలో గోదారి సముద్రంలో కలిసేది చూస్తా పెరిగినోణ్ణి, అక్కడ మెకంజీ నది కలిసేది కూడా ఓసారి చూద్దామని, అంతే. భయమల్లా నది దాటే దగ్గరే. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళెక్కించుకునే పడవ) ఎక్కి నర్సాపురం వెళ్ళడమే తెలుసు గానీ గడ్డకట్టిన నది మీద బండి నడపడమేంటండి బాబూ? ఆగుద్దా?

ఎడ్మంటన్_పాలకొల్లు:
తమ్ముడూ, నేను రెండేళ్ళ కింద మార్చిలో వెళ్ళొచ్చా. ఐసు గురించి అంత కంగారు పడకు. పీల్ నది మీదొకటి, మెకంజీ మీదొకటి, రెండు చోట్ల దాటాలి, ఎండాకాలం అక్కడా పంటే తిరుగుద్ది. చలికాలం నది గడ్డకట్టాక పైన నీళ్ళు పోసి పోసి పొర మీద పొర మందం చేస్తారు, కొలిచి ఎంత బరువు వెళ్ళచ్చో బోర్డు పెడతారు, ముందు కార్లు, మందం పెరిగేకొద్దీ లారీలు. నా ముందే పెద్ద లారీ వెళ్ళింది, దాని వెనకాల నా కారెంత? కాకపోతే నెమ్మదిగా పోవాలి, స్పీడుగా వెళ్తే ఐసు కింద నీళ్ళలో అల లేస్తది, ఒడ్డు దగ్గర అదే పగలగొడద్ది.

అసలు చిక్కు పంటు ఆపేసి ఐసు ఇంకా గట్టిపడని రోజులు, మళ్ళీ ఎండాకాలం ముందు ఐసు విరిగే రోజులు. అప్పుడు వారాల తరబడి దాటడమే లేదు. మనకి వరదొచ్చి పంటు ఆపితే చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగెళ్తాం, అక్కడ చించినాడ లేదు.

ఇంకోటి, ఇనువిక్, టక్టోయక్టక్ మధ్య ఐసు రోడ్డు మీద వెళ్తాననుకుంటున్నావేమో, అది ఇప్పుడు లేదు, 2017 నవంబరులో కంకర రోడ్డు తెరిచారు.

జనవరి మాత్రం వద్దంటా. ఇనువిక్‌లో డిసెంబరు మొదట్లో మునిగిన సూర్యుడు జనవరి 6 ప్రాంతంలో గానీ కనపడడు, అప్పుడు ఊరంతా పండగ చేసి మన భోగిమంట లాగే పెద్ద మంటేస్తారు. సంక్రాంతి నాటికి కూడా వెలుతురు రెండు మూడు గంటలే. మార్చిలో అయితే పగలు బోలెడు, ఐసు గట్టిగానే ఉంటది.

డెంప్‌స్టర్ ఎక్కాక ఈగిల్ ప్లెయిన్స్ బంకు (369వ కిలోమీటరు) దాకా మధ్యలో పెట్రోలు లేదు, అక్కడ ఫుల్ కొట్టించు. దాని అవతల కొండల్లో గాలికి మంచు కొట్టుకొచ్చి రోడ్డు మూసేస్తారు, నేనక్కడ రెండు రాత్రులు ఉండిపోయా. మైనస్ 41. ఇంజన్ హీటర్ వైరు ముందు జాలీలోంచి వేలాడతా ఉంటది, ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టినట్టు రాత్రి ప్లగ్గులో పెట్టాలి, నేను కక్కుర్తి పడి మామూలు ఎక్స్‌టెన్షన్ వైరు కొన్నా, పొద్దున్న చుట్టబోతే ఎండుకొమ్మలా ఫటుక్కుమని విరిగింది. బండి కదిలిస్తే ఎడ్లబండిలా ధడ్ ధడ్. రాత్రంతా నిలబడ్డ చోట టైరు చదునుగా బిగుసుకుపోద్దన్నమాట, కాస్త దూరం పోతే మళ్ళీ గుండ్రమవుద్ది.

ఫోన్లో శాటిలైట్ ఎస్‌ఓఎస్ (సిగ్నల్ లేకపోయినా సాయం అడిగేది) ఉంది కదా అని ధీమాగా ఉండకు, ఐఫోన్‌ది 62 డిగ్రీల అక్షాంశం దాటాక పనిచేయకపోవచ్చని కంపెనీవాళ్ళే చెప్తారు, డెంప్‌స్టర్ మొత్తం దానికి పైనే. విడిగా శాటిలైట్ పరికరం అద్దెకి తీసుకో. బండి చెడితే దిగి నడవద్దు, అందులోనే కూర్చో.

గూడెం_మెకానిక్:
నేను కెనడా చూళ్ళేదు గానీ లారీ తోలే రోజుల్లో శీతాకాలం కాశ్మీరు లోడు వేశా, డీజిలు గడ్డ నెయ్యిలా అయిపోతే ట్యాంకు కింద మంట పెట్టేవోళ్ళం, చూస్తేనే గుండె జారిపోయేది. పెట్రోలు బండి కాబట్టి నీకా బాధ లేదు. బ్యాటరీ పాతదైతే మార్పించెయ్, చలికి దాని బలం సగం పోద్ది. ఇంజనాయిలు పల్చటి 0డబ్ల్యూ రకం, అంటే చలిలో కూడా చిక్కబడకుండా పారేది, పోయించు. కూలెంటు చూపించుకో, మనోళ్ళలా కుళాయి నీళ్ళు పోసుంటే ఇంజనే పగులుద్ది.

ఆత్రేయపురం_పిల్ల:
పూతరేకులు పట్టుకెళ్ళు అన్నయ్యా, గడ్డకట్టడానికి అందులో నీళ్ళెక్కడివి. పులిహోర మాత్రం కట్టుకోకు, ఇటుక అయిపోద్ది. కొబ్బరినూనె సీసా ఎలాగూ రాయే, మన ఊళ్ళోనే ధనుర్మాసంలో పేరుకుంటది.

రాజోలు_కుర్రోడు:
అందరికీ థాంక్సండి. పాలకొల్లు అన్నా, మీ మాట విన్నాక మార్చికి టికెట్ మార్చడానికి ఎంతవుద్దో చూస్తున్నా, భోగికి ఊళ్ళోనే ఉంటానని అమ్మ ఒకటే సంబరం. నది సంగతి ఇంకా చెప్పలా. అక్కడా పంటుంది అని మాత్రం చెప్పా.