‘అసంబద్ధంగా’, ‘విడ్డూరంగా’, ‘హాస్యాస్పదంగా’: ఏది ఎక్కడ?

ప్రశ్న: సబ్‌టైటిల్ పక్షి

సబ్‌టైటిళ్ళలో ‘అబ్సర్డ్‌లీ’ వచ్చినప్పుడల్లా ‘అసంబద్ధంగా’ అని వేస్తున్నాను. ‘అతను అసంబద్ధంగా మాట్లాడాడు’ బాగానే ఉంది. ‘ఈ ఫోను ధర అసంబద్ధంగా తక్కువ’ అంటే మాత్రం తెలుగులా లేదు. ఎక్కడ తేడా కొడుతోంది? బదులుగా విడ్డూరంగా, హాస్యాస్పదంగా వాడొచ్చా?

జవాబు: ముడి విప్పు

ఆ మాటలో ఒక ముడి ఉందండి. సంస్కృతంలో ‘బంధ్’ అంటే కట్టడం. బద్ధం అంటే కట్టినది, సంబద్ధం అంటే ఒకదానితో ఒకటి ముడిపడినది, అసంబద్ధం అంటే ఆ ముడి లేనిది. కనక పొంతన కుదరనివి రెండుండాలి: ప్రశ్నా జవాబూ, కారణమూ ఫలితమూ, ముందన్న మాటా తర్వాతన్న మాటా. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నవాడు అసంబద్ధంగా జవాబిచ్చినట్టు. మీ వాక్యంలో ధర ఒక్కటే ఉంది, దేనితో పొసగలేదో లేదు.

పైగా ఈ మాట ‘ఎలా’ అన్నదానికి జవాబు చెబుతుంది, ‘ఎంత’ అన్నదానికి చెప్పదు. ‘ఎంత’ చెప్పడం మరీ, విపరీతంగా, దారుణంగా లాంటి కొన్ని మాటలకే అలవాటు.

అనుమానమొస్తే ‘అసంబద్ధంగా’ తీసేసి ‘పొంతన లేకుండా’ పెట్టి చదవండి. వాక్యం నిలబడితే సరే. ‘ధర పొంతన లేకుండా తక్కువ’ నిలబడదు.

(రాసేటప్పుడు ద్ధ వత్తు మరవకండి. ‘అసంబద్దం’ అని బోలెడు చోట్ల కనిపిస్తుంది.)

జవాబు: ముక్కున వేలు

విడ్డూరంగా అనేది పని ఎలా జరిగిందో చెప్పదు, చూసేవాళ్ళకి ఎలా ఉందో చెబుతుంది. అందుకే దాని పక్కన ఎక్కువగా ‘ఉంది’ వస్తుంది: ‘తప్పు వాళ్ళది పెట్టుకుని మనల్ని అనడం విడ్డూరంగా ఉంది!’ వేరే క్రియ తగిలిస్తే అర్థం పక్కకి పోతుంది. ‘అతన్ని విడ్డూరంగా చూశారు’ అంటే చూసినవాళ్ళు అసంబద్ధులని కాదు, అతన్ని వింతజీవిలా చూశారని.

ఇందులో ఎత్తిపొడుపూ ఉంది. నాయకుల ప్రకటనల్లో ‘అనడం విడ్డూరంగా ఉంది’ అరిగిపోయిన వాక్యం. తటస్థంగా ఉండాల్సిన నివేదికలో మాత్రం వద్దు.

జవాబు: పాత ప్రూఫు

హాస్యాస్పదంగా దగ్గర ప్రమాదం వేరు. ఆస్పదం అంటే చోటు, హాస్యాస్పదం అంటే నవ్వులపాలయ్యేది. సభ రిపోర్టులో ‘ఆయన హాస్యాస్పదంగా ప్రసంగించి అందరినీ అలరించారు’ అని రాస్తే పొగడబోయి తిట్టినట్టే. అక్కడ కావలసింది చమత్కారంగా, సరదాగా. ‘హాస్యస్పదం’ అనే స్పెల్లింగూ తప్పే: హాస్య, ఆస్పద కలిస్తే దీర్ఘం రావాలి.

‘అసందర్భంగా’తోనూ కలిపేస్తుంటారు. పెళ్ళిపందిట్లో ఆస్తి పంపకాల మాటెత్తడం అసందర్భం. ఆ మాట తనమటుకు తాను సబబే కావచ్చు, సమయమే కాదు.

సబ్‌టైటిల్ పక్షి

అర్థమైందండి. మరి ఫోను ధరకి ఏం వెయ్యాలి? ఒక్క వరుసలో పట్టాలి.

ముడి విప్పు

తక్కువైతే ‘కారుచవక!’ చాలు. పాత్ర అనుమానంగా అంటుంటే ‘మరీ ఇంత తక్కువా?’ ఎక్కువైతే ‘రేటు మరీ అన్యాయం’. కావాలని పెంచారనే నింద కూడా ఉంటే ‘అడ్డగోలుగా పెంచేశారు’.

‘అబ్సర్డ్‌లీ ఈజీ’ వస్తే ‘మరీ ఇంత తేలికా!’ అనేయండి. గా చేర్చిన మాట అక్కడ అక్కర్లేదు.

ముక్కున వేలు

సంభాషణల్లో అయితే ‘అసంబద్ధంగా మాట్లాడకు’ కూడా నాకు గట్టిగానే తగులుతుంది. లాయరో మేష్టారో అంటే సరే. వంటింట్లో అక్క తమ్ముణ్ణి కసిరేటప్పుడు ‘తలాతోకా లేకుండా మాట్లాడకురా’ అనే అంటుంది.